‘ప’ని ఎక్కడిదాకా చెరపొచ్చు?

విజయవాడ

ప్రియమైన పిల్లలూ,

డిజైన్ కోర్సు పాఠాల్లో ‘ప్రయోగాత్మక టైపోగ్రఫీ’ (టైపోగ్రఫీ అంటే అచ్చు అక్షరాలను ఎంచి పేర్చే కళ) అన్న పేరు చూసి, అక్షరాలతో ప్రయోగమేమిటి తాతయ్యా అని అడిగారు. నాలుగు మాటల్లో తేలే సంగతి కాదు కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

మొదట్లో మీకు పద్ధతులు నేర్పుతారు. వరుసకూ వరుసకూ ఎంత ఎడం ఉండాలి, పేజీని గళ్లుగా ఎలా విడదీయాలి, శీర్షిక ముందుగా కంటబడాలంటే ఏం చేయాలి, ఇలాంటివి. ఆ పై మెట్టులో ఒకే పోస్టరు మీద తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడింటినీ ఏదీ చిన్నబోకుండా నిలబెట్టడం, బరువూ వెడల్పూ మార్చుకోగల వేరియబుల్ ఫాంట్లు వాడటం వస్తాయి. ప్రయోగం అంటే ఆ పద్ధతుల్లో ఒకదాన్ని తెలిసి తెలిసి పక్కన పెట్టి, చదివే మనిషికి ఏమవుతుందో చూడటం. ముందు ఒక ప్రశ్న ఉండాలి. ప్రశ్న లేకుండా అక్షరాలను చెల్లాచెదురు చేస్తే అది ప్రయోగం అనిపించుకోదు.

జర్మన్ టైపోగ్రాఫర్ వోల్ఫ్‌గాంగ్ వైన్‌గార్ట్ పేరు క్లాసులో తప్పకుండా వింటారు. స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో 1968 నుంచి పాఠం చెప్పాడు. అక్షరాల మధ్య ఎడం విపరీతంగా పెంచాడు, వరుసలను మెట్లుమెట్లుగా దింపాడు, అచ్చుకు వాడే పారదర్శక ఫిల్ములను ఒకదాని మీద ఒకటి పేర్చాడు. కానీ ఆయన అంతకుముందే స్టుట్‌గార్ట్‌లో ఒక ప్రెస్సులో కంపోజింగ్, అంటే సీసం అక్షరాలను చేత్తో పేర్చే పని, నేర్చుకున్నవాడు. సీసం టైపులో ఖాళీ కూడా ఒక లోహపు ముక్కే. దాన్ని ఏరి, వేలితో నొక్కి, వరుసలో బిగించాలి. మన గవర్నర్‌పేట కంపోజిటర్లకూ ఖాళీ అంటే అలాగే తెలుసు. ఖాళీని చేత్తో పట్టుకున్నవాడు కాబట్టే వైన్‌గార్ట్ దానితో అంత ధైర్యంగా ఆడుకున్నాడని నా నమ్మకం.

అయితే ఆయన పనంతా రోమన్ లిపి మీద. దాన్ని ఎత్తుకొచ్చి తెలుగు మీద పెడితే కుదరదు. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇదే. మనకు క్యాపిటల్స్ లేవు. దేవనాగరిలా తలమీద గీత లేదు. ఇటాలిక్ సంప్రదాయం లేదు. కంప్యూటర్లో తెలుగును పక్కకు వాల్చేస్తే నా కంటికి అది పడిపోతున్నట్టే కనిపిస్తుంది, నొక్కి చెప్పినట్టు అనిపించదు. మన అక్షరం నిలువుగా పెరుగుతుంది. నడుమ హల్లు, పైన తలకట్టో గుడో ఏత్వమో, కింద వత్తు. ‘స్త్రీ’ రాసి చూడండి, ఒక్క అక్షరమే ఎంత ఎత్తు తీసుకుంటుందో. ఒక పదం పైభాగాన్ని కాగితంతో మూయండి. ‘గది’, ‘గద’ ఒకటైపోతాయి. కిందిభాగం మూయండి. ‘అమ్మ’ కాస్తా ‘అమ’ అవుతుంది. అంటే చదవడానికి ఆధారం మన లిపిలో పైనా ఉంది, కిందా ఉంది.

ఇంకొంచెం దగ్గరగా చూడండి. ప, ష, ఫ మూడింటికీ ఒంటి ఆకారం దాదాపు ఒకటే. ఒక చిన్న గీత ఎక్కడ పడిందన్నదే తేడా. ఇప్పుడు ట్రేసింగ్ పేపరు తీసుకుని పెద్ద ‘ప’ గీయండి. కొంచెం కొంచెంగా చెరుపుతూ పోండి. తలకట్టు తీస్తే అది ఇంకా ‘ప’ అక్షరమేనా? అడుగు తెరిస్తే? ప్రతి మెట్టునూ విడి కాగితం మీద ఉంచి ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల్లోవాళ్లకు, మీ అమ్మమ్మకు, రెండో తరగతి పిల్లలకు చూపించండి. ఎవరు ఎక్కడ ఆగిపోయారో రాసుకోండి. ఇంత చిన్న పనిలోనే ప్రయోగాత్మక టైపోగ్రఫీ మొత్తం ఉందని నేను అంటాను. ఎంత తీసేయొచ్చో తెలిశాకే ఏది పెంచాలో, ఏది విరవాలో చేతికి తెలుస్తుంది.

వరుసల ఎడం కూడా అంతే. పై వరుస వత్తు కింది వరుస గుడికి తగిలితే ప్రెస్సులో తప్పు కింద లెక్క. మధ్యలో లెడ్లు, అంటే సన్నని సీసం పట్టీలు, వేసి దూరం చేసేవాళ్లు. మీరు పోస్టరులో కావాలనే తగిలించండి. నాలుగు మాటలకైతే చాలా అందంగా ఉంటుంది. పేరా మొత్తానికి చేస్తే ఎవరూ చదవరు. ఆ హద్దు ఎక్కడుందో మీరే వెతకాలి.

ఇదంతా సరదాకేనా అని మీ నాన్న అడగొచ్చు. ఆర్.కె. జోషీ గురించి చెప్పండి. ప్రకటనల రంగంలో ఆర్ట్ డైరెక్టరుగా పనిచేసి, ఐఐటీ బొంబాయిలోని డిజైన్ విభాగమైన ఐడీసీలో పాఠాలు చెప్పారు, 2008లో పోయారు. భారతీయ లిపులతో జీవితమంతా ప్రయోగాలు చేసిన మనిషి. విండోస్‌తో పాటు వచ్చిన ‘గౌతమి’ తెలుగు ఫాంటు ఆయన పర్యవేక్షణలోనే తయారైంది. మనం ఎన్నో దరఖాస్తులు నింపిన ఆ మామూలు అక్షరాల వెనక అలాంటి చెయ్యి ఉంది.

పనిముట్లకు డబ్బు పెట్టక్కర్లేదు. మన పక్క ఊరు గుంటూరు పేరున్న ‘హింద్ గుంటూర్’, వెడల్పు మార్చుకోగల ‘అనెక్ తెలుగు’ రెండూ ఉచితంగానే దొరుకుతాయి. కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించింది 128 స్థానాలే అయినా, ఫాంటు లోపల గుణింతాలూ వత్తులూ కలిసి వందల ఆకారాలుంటాయి. ఫాంట్లు తయారుచేసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఫాంట్‌ఫోర్జ్‌లో తెరిచి చూడండి. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పని చేసేటప్పుడు సెట్టింగుల్లో వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టుకోండి. లేకపోతే వత్తులు విడిపోతాయి, మీరు చేయని ప్రయోగం మీ పేరున పడుతుంది. ఇక చదువంటారా, 2015లో మొదలైన మన రాష్ట్రపు ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఇప్పుడు అమరావతిలోని శాఖమూరులో ఉంది. కమ్యూనికేషన్ డిజైన్ అక్కడే చదువుకోవచ్చు.

సెలవుల్లోనే ‘ప’ కాగితాలు మొదలుపెట్టండి. వాటి వెనక ఏ అక్షరమో రాయకుండా, వరుస కలిపేసి నాకు పంపండి. చదవగలిగినవాటికి టిక్కు పెట్టి, ఆగిపోయినవాటికి సున్న చుట్టి తిరుగు టపాలో పంపిస్తాను.

ఆశీస్సులతో,
మీ తాతయ్య