గని నేల మీద ఆమ్ల వర్షం

చిన్నారులకు ఆశీస్సులు.

"గనుల దగ్గర మట్టిలో విషపు లోహాలుంటే, నాలుగు వానలు పడ్డాక కొట్టుకుపోవా తాతయ్యా?" అని అడిగారు. మంచి ప్రశ్న. కానీ కొట్టుకుపోయినవి వాగులోకి, చెరువులోకి, బావి నీళ్లలోకి చేరతాయి. అవి మట్టిని అంటిపెట్టుకుని ఉంటేనే మనకు మేలు. ఆ పట్టును సడలించేది ఆమ్ల వర్షం.

కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు ఉంచవద్దని అమ్మమ్మ అంటుంది కదా. చింతపండు పులుపుకు రాగి కరిగి పులుసులో కలుస్తుంది. మట్టిలోనూ దాదాపు ఇలాగే జరుగుతుంది.

మామూలు వానలోనూ కాస్త ఆమ్లం ఉంటుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) కరగడం వల్ల దాని పీహెచ్, అంటే ఆమ్లత్వాన్ని కొలిచే అంకె, 5.6 దగ్గర ఉంటుంది. గంధకపు పొగ కలిస్తే 4 దాకా పడిపోవచ్చు, అదే ఆమ్ల వర్షం. పీహెచ్ ఒక అంకె దిగితే ఆమ్లత్వం పది రెట్లు పెరిగినట్టు. బంకమట్టి రేణువులకు రుణావేశం ఉంటుంది, లోహపు అయాన్లకు (విద్యుదావేశమున్న కణాలకు) ధనావేశం ఉంటుంది. అందుకే అవి అతుక్కుని ఉంటాయి. ఆమ్లంలోని హైడ్రోజన్ అయాన్లు వచ్చి ఆ చోటు ఆక్రమించగానే లోహం నీటిలోకి దిగుతుంది. కాడ్మియం, జింకు త్వరగా కదులుతాయి. సీసం మొండిది, మట్టి బాగా ఆమ్లమయమైతే తప్ప కదలదు.

ఒక్క సంగతి జాగ్రత్తగా గమనించండి. నేలలో సున్నపురాయి ఉన్నంతకాలం ఆమ్లం దాని మీదే ఖర్చయిపోతుంది, పైకి ఏ మార్పూ కనిపించదు. ఆ నిల్వ అయిపోయాకే లోహాలు బయటపడతాయి. కాబట్టి మట్టిలో లోహం ఎంత ఉందో మాత్రమే చెప్పే రిపోర్టు నా దృష్టిలో సగం రిపోర్టే. పీహెచ్ ఎంత, సున్నం ఎంత మిగిలింది అని కూడా అడగాలి.

కెనడాలోని సడ్‌బరీలో ఇదంతా జరిగింది. 1888 నుంచి 1929 దాకా అక్కడ రాగి, నికెల్ ఖనిజాన్ని కట్టెల మీద కుప్పలు పోసి, ఆరుబయటే నెలల తరబడి కాల్చేవారు. గంధకం నిండిన ఆ పొగ నేలను అంటుకునే పాకింది. చెట్లు చచ్చాయి, మట్టి కోసుకుపోయింది, కొండరాళ్లు నల్లబడ్డాయి. మిగిలిన మట్టిలో పొగతో వచ్చిపడిన రాగి, నికెల్ మాత్రమే కాదు, నేలలో సహజంగా ఉండే అల్యూమినియం కూడా కరిగింది. విత్తనం మొలిచినా వేరు సాగేది కాదు. 1972లో 381 మీటర్ల పొగగొట్టం కట్టారు. ఊళ్లో గాలి మెరుగైంది, పొగ మాత్రం దూరపు ఊళ్ల మీదికి వెళ్లింది. గంధకాన్నే తగ్గించాక గానీ చెరువులు కోలుకోలేదు.

1978లో మొదలైన పని నాకెంతో ఇష్టం. విద్యార్థులు సున్నపురాయి పొడి సంచులు మోసుకుంటూ గుట్టలెక్కి చేత్తో చల్లారు. హెక్టారుకు సుమారు 10 టన్నులు! తర్వాత గడ్డి గింజలు చల్లారు, మొక్కలు నాటారు. ఇప్పుడక్కడ అడవి పెరుగుతోంది. సున్నం ఆ లోహాలను తీసేయలేదు, కరగకుండా కట్టిపడేసింది, అంతే. రాగి, నికెల్ ఇప్పటికీ ఆ మట్టిలోనే ఉన్నాయి. ఆమ్ల వర్షం తిరిగొస్తే మళ్లీ కదులుతాయి.

అలాగని అన్నిచోట్లా సున్నం చల్లితే సరిపోదు. ఆర్సెనిక్ అనే విషపదార్థం తీరు వేరు. ఆమ్ల నేలలో ఇనుప ఆక్సైడ్లు దాన్ని గట్టిగా పట్టుకుంటాయి, సున్నం ఎక్కువైతే వదిలేస్తాయి. మట్టిలో ఏముందో తెలుసుకున్నాకే మందు వేయాలి.

బడిలో పీహెచ్ కాగితం ఇస్తే, మన వాన నీటికి ఎంత వచ్చిందో చూసి నాకు రాయండి.

మీ తాతయ్య