ఫొటో దిగని మనుషుల మీద తీసిన సినిమా

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న మీ అమ్మానాన్నలతో కలిసి చూసిన ‘విట్‌నెస్’ సినిమా గురించి రాస్తూ, కరెంటు తీగ లేని ఇళ్ళలో ఉంటూ గుర్రపు బండ్ల మీద తిరిగే ఆ ఆమిష్‌లు నిజంగా ఉన్నారా, ఉంటే అమెరికాలో ఉండి అలా ఎందుకు బతుకుతున్నారు అని అడిగారు. ఉన్నారు. పెన్సిల్వేనియా, ఒహాయో, ఇండియానా రాష్ట్రాల్లో ఎక్కువగా ఉన్నారు. వారి జనాభా ఇప్పుడు 4 లక్షలు దాటింది. 1693 ప్రాంతంలో స్విట్జర్లాండులోనూ ఇప్పటి ఫ్రాన్సులోని ఆల్సేస్‌లోనూ యాకోబ్ అమ్మాన్ అనే మతపెద్ద వెంట వేరుపడిన క్రైస్తవులు వీరు. పసిబిడ్డలకు కాక, తెలిసి ఒప్పుకున్న పెద్దలకే బాప్తిస్మం ఇవ్వాలన్నందుకు వీరి పూర్వులు యూరపులో హింసల పాలయ్యారు. 18వ శతాబ్దంలో వీరు పెన్సిల్వేనియాకు వలస వచ్చారు. మనిషి మీద ఆయుధం ఎత్తరు, సైన్యంలో చేరరు. కొత్త వస్తువు ఏది వచ్చినా, అది ఇంటివాళ్ళనూ ఇరుగుపొరుగునూ కలుపుతుందా విడదీస్తుందా అని తర్కించుకుని, అప్పుడు ఒప్పుకోవడమో మానుకోవడమో తేల్చుకుంటారు. అందుకే ఇంట్లో ఫోను లేకపోయినా, బయట చిన్న కొట్టులో నలుగురికీ కలిపి ఒక ఫోను ఉండవచ్చు. ఇక ఫొటో దిగడం దైవాజ్ఞకు విరుద్ధమనీ, అది మనిషిలో గర్వం పెంచుతుందనీ వారి నమ్మకం. ఈ చివరి మాట బాగా గుర్తుపెట్టుకోండి.

ఆస్ట్రేలియా దర్శకుడు పీటర్ వియర్ తీసిన ఈ సినిమా 1985లో విడుదలైంది. అందరూ దీనిని పోలీసు అధికారి జాన్ బుక్‌కీ, ఆమిష్ వితంతువు రేచల్‌కీ మధ్య ప్రేమకథగా చెప్పుకుంటారు గాని, నా దృష్టిలో దీని అసలు కథానాయకుడు ఆమె కొడుకు సామ్యూల్. ఎనిమిదేళ్ళ వాడు మొదటిసారి ఊరు దాటి ఫిలడెల్ఫియా స్టేషనులో దిగి, తలెత్తి ఒక కంచు విగ్రహాన్ని చూస్తాడు. చనిపోయిన సైనికుణ్ణి ఎత్తిపట్టుకుని నిలబడిన దేవదూత విగ్రహం అది. ఆ స్టేషనులో నిజంగానే ఉంది, రెండో ప్రపంచ యుద్ధంలో మరణించిన 1,307 మంది రైల్వే ఉద్యోగుల స్మారకంగా పెట్టారు. యుద్ధమే పాపమని నమ్మే ఇంటి బిడ్డ మొదట ఆగి చూసింది ఒక యుద్ధ స్మారకాన్ని. కాసేపటికే అదే స్టేషనులో, తలుపు సందులోంచి, ఒక హత్యను చూస్తాడు.

తరవాత పోలీసు స్టేషనులో జరిగేది ఇంకా జాగ్రత్తగా చూడవలసిన సన్నివేశం. ఎన్ని ముఖాలు చూపించినా కాదన్న పిల్లవాడు, అద్దాల బీరువాలో అతికించిన పత్రికా కత్తిరింపులోని ఫొటో ముందు ఆగిపోయి, మాట్లాడకుండా వేలు చూపిస్తాడు. ఆ ఫొటోలోని వాడు పోలీసు అధికారే. జాన్ బుక్ వచ్చి ఆ వేలిని ఎవరికీ కనబడకుండా తన చేతిలో మూసేస్తాడు. ఫొటోలు వద్దనే జనంలో పుట్టిన పిల్లవాడి వల్లే ఆ ఫొటో సాక్ష్యమైంది.

గాయపడిన జాన్ బుక్ ఆ ఆమిష్ ఇంట్లో తలదాచుకున్నప్పుడు అతని తుపాకీ సామ్యూల్ చేతికి వస్తుంది. రేచల్ తూటాలను తీసుకువెళ్ళి పిండి డబ్బాలో దాచేస్తుంది. తాతగారు మనవణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని, మనిషిని చంపుతావా అని అడిగితే, చెడ్డవాళ్ళను మాత్రమే అంటాడు వాడు. చెడ్డవాణ్ణి చూసి గుర్తుపట్టగలవా, వాడి గుండెలోకి తొంగిచూడగలవా అంటారాయన. వాళ్ళు చేసింది కళ్ళారా చూశాను అంటాడు పిల్లవాడు, చూసినవాడివి నువ్వూ వాళ్ళలాగే అవుతావా అంటారు తాతగారు. ఈ ఒక్క సంభాషణ కోసమైనా ఈ సినిమా మళ్ళీ చూడండి. తాతగారు మనవడి కోపాన్ని కొట్టిపారేయలేదు, బెదిరించనూ లేదు. పక్కన కూర్చుని ప్రశ్న అడిగారు.

ఐస్‌క్రీం పూసిన సంఘటన మీకు నచ్చిందని రాశారు. ఊరికి వచ్చిన ఆకతాయిలు ఆమిష్ యువకుడి ముఖానికి ఐస్‌క్రీం పూస్తే అతడు కదలడు. ఆమిష్ బట్టల్లో ఉన్న జాన్ బుక్ వాళ్ళను కొడతాడు, మనకు హాయిగా ఉంటుంది. కాని ఆ దెబ్బ కబురై పోలీసులకు చేరి, హంతకులు నేరుగా ఆ పొలానికే వస్తారు. చివర పిల్లవాడు గంట మోగించగానే పొరుగువాళ్ళంతా పరుగున వచ్చి ఉత్త చేతులతో నిలబడతారు, ఇంతమంది చూస్తుండగా కాల్చలేక దొంగ అధికారి తుపాకీ అప్పగిస్తాడు. ఇది గొప్ప ఊహ. అయినా అంతకుముందే ఇద్దరిని చంపించి, ప్రేక్షకుడికి కావలసిన పోరాటం పెట్టేశారన్నది నాకున్న ఫిర్యాదు.

ఇంకొక బాధ కూడా ఉంది. ఆ చిత్రీకరణ జరిగిన, పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆమిష్ పెద్దలకు ఈ సినిమా ఇష్టం లేదు. వారు రాష్ట్ర ప్రభుత్వానికి అభ్యంతరం చెప్పగా, ఇకపై ఆమిష్‌ల మీద సినిమాలు తీయడాన్ని తాము ప్రోత్సహించబోమని ప్రభుత్వం మాట ఇచ్చింది. కెమెరాతో వాళ్ళను వేధించే యాత్రికులను తప్పుపట్టిన సినిమాయే ఆ పనికి కెమెరా పట్టుకుని వెళ్ళింది. నాకు ఈ సినిమా ఎంత ఇష్టమైనా, ఈ సంగతిని దాటేసి మెచ్చుకోలేను.

అదే కౌంటీలో 2006 అక్టోబరు 2న నికెల్ మైన్స్ అనే చోట ఒకడు ఆమిష్ బడిలో జొరబడి పిల్లలను కాల్చాడు. ఐదుగురు ఆడపిల్లలు చనిపోయారు. వాడూ తనను తాను కాల్చుకున్నాడు. బిడ్డలను పోగొట్టుకున్నవారే వెళ్ళి వాడి భార్యను ఓదార్చారు, వాడి అంత్యక్రియలకు హాజరయ్యారు. పది రోజులకు, తెల్లవారక ముందే, ఆ బడిని పడగొట్టించి అక్కడ పచ్చిక పెంచారు. సినిమాలో తాతగారు చెప్పిన మాట ఉత్త సంభాషణ కాదని నాకు అప్పుడు అర్థమైంది.

రేచల్ జాన్ బుక్‌తో ఎందుకు వెళ్ళలేదని మీ ఇంకో ప్రశ్న. ఆమె బాప్తిస్మం తీసుకుని మాట ఇచ్చిన మనిషి. మాట తప్పితే సంఘం వెలివేస్తుంది. అయినవాళ్ళు కూడా ఒకే బల్ల దగ్గర కూర్చుని తినరు. సామ్యూల్ సంగతి వేరు, వాడింకా మాట ఇవ్వలేదు. యుక్తవయసు వచ్చాక ఉండాలో వెళ్ళిపోవాలో వాడే తేల్చుకోవాలి. అక్కడి పిల్లల్లో ఎక్కువమంది ఉండిపోతారు. స్టేషనులో అంతా చూసిన వాడు ఏం తేల్చుకుంటాడని మీకు అనిపిస్తోంది? ఇద్దరూ విడివిడిగా ఆలోచించి వచ్చే ఉత్తరంలో రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య