తూర్పు కాలేజీల రెజ్లింగ్ కాన్ఫరెన్స్: అపోహలు - వాస్తవాలు

న్యూజెర్సీలో హైస్కూలు పిల్లలకు రెజ్లింగ్ నేర్పుతుంటాను. అమెరికా తూర్పు ప్రాంత కాలేజీల రెజ్లింగ్ జట్లు కలిసి పోటీపడే సంఘం (కాన్ఫరెన్స్) పేరు ఈస్టర్న్ ఇంటర్‌కాలేజియేట్ రెజ్లింగ్ అసోసియేషన్, క్లుప్తంగా ఈఐడబ్ల్యూఏ. ఐవీ లీగ్ అంటే హార్వర్డ్, యేల్ వంటి ఎనిమిది పేరున్న విశ్వవిద్యాలయాల కూటమి. మన తెలుగు కుటుంబాల పిల్లలు మ్యాట్ మీదికి రావడం మొదలైన దగ్గర నుంచి ఒకే ప్రశ్న నాకు పదేపదే ఎదురవుతోంది. "అన్నయ్యగారూ, ఈఐడబ్ల్యూఏ అంటే ఐవీ కాలేజీలదేనటగా? అందులో చోటు దొరికితే ఫీజంతా స్కాలర్‌షిప్పేనటగా?" అని తల్లులు అడుగుతారు. తండ్రులు చాలామంది అడగను కూడా అడగరు, అది నిజమేనని ముందే నిశ్చయించుకుని ఉంటారు. ఈ మాటలో ఒక పొరపాటు చరిత్రది, రెండవది ఇంటి డబ్బుది. రెండవదానికి మూలం మొదటిదే కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

అపోహ: ఈస్టర్న్ ఇంటర్‌కాలేజియేట్ రెజ్లింగ్ అసోసియేషన్ ఐవీ లీగ్ వారి కాన్ఫరెన్స్.

వాస్తవం: దాని పుట్టుక తెలిసినవారికి ఆ భ్రమ కలగడం సహజమే. 1905లో యేల్, కొలంబియా, పెన్సిల్వేనియా, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయాలు కలిసి దీన్ని ఆరంభించాయి. తొలి టైటిల్ యేల్ గెలుచుకుంది. అప్పటికి ఐవీ లీగ్ లేదు, అమెరికా కాలేజీ క్రీడలను నడిపే జాతీయ సంస్థ ఎన్‌సీఏఏ కూడా లేదు. ఎన్‌సీఏఏకు మాతృసంస్థ 1906లో ఏర్పడింది, దాని తొలి రెజ్లింగ్ ఛాంపియన్‌షిప్ 1928లో గానీ జరగలేదు. అమెరికాలో ఇంతకంటే పాత కాలేజీ రెజ్లింగ్ కాన్ఫరెన్స్ మరొకటి లేదు. అయితే కాలక్రమంలో దీని బలం ఐవీ గోడలు దాటి చాలా దూరం వెళ్లింది. అత్యధిక జట్టు టైటిళ్లు లీహై విశ్వవిద్యాలయానివి. అక్కడ దశాబ్దాల పాటు శిక్షకుడిగా ఉన్న బిల్లీ షెరిడన్ పేరిట, టోర్నమెంటులో అతి తక్కువ సమయంలో అత్యధిక పిన్నులు (ప్రత్యర్థి భుజాలను మ్యాట్‌కు అదిమి గెలవడం) సాధించిన కుర్రాడికి నేటికీ ట్రోఫీ ఇస్తున్నారు. ఇది రెజ్లింగ్ ఒక్కదానికే పరిమితమైన సంఘం. లీహై, బక్నెల్, ఆర్మీ, నేవీ మిగతా ఆటలు చాలావరకు పేట్రియట్ లీగ్ అనే మరో కాన్ఫరెన్స్‌లో ఆడుతూ, రెజ్లింగ్‌కు మాత్రం ఇక్కడికి వస్తాయి. ఫ్రాంక్లిన్ అండ్ మార్షల్ కాలేజీ మిగిలిన ఆటల్లో ఎన్‌సీఏఏ మూడవ డివిజన్‌లో ఉన్నా, రెజ్లింగ్‌లో మాత్రం అత్యున్నత స్థాయి అయిన మొదటి డివిజన్ జట్టుగా చాలా ఏళ్లు ఇందులో పోటీపడింది.

ఇక తొలి విజేత యేల్‌కు ఈనాడు వర్సిటీ (విశ్వవిద్యాలయ అధికారిక) రెజ్లింగ్ జట్టే లేదు. రెజ్లింగ్ ఉన్న ఆరు ఐవీ విశ్వవిద్యాలయాలు, అంటే బ్రౌన్, కొలంబియా, కార్నెల్, హార్వర్డ్, పెన్సిల్వేనియా, ప్రిన్స్‌టన్, 2025 నుంచి తమ సొంత టోర్నమెంటు జరుపుకుంటూ, ఎన్‌సీఏఏ ఛాంపియన్‌షిప్‌కు దాని ద్వారానే అర్హత పొందుతున్నాయి. కనుక ఈఐడబ్ల్యూఏలో ఇప్పుడు ఐవీ కాలేజీ ఒక్కటీ పోటీపడడం లేదు. ఐవీ కాలేజీలను ఇంకా ఇందులోనే చూపుతూ వాట్సాప్‌లో తిరుగుతున్న పట్టికలను దయచేసి నమ్మకండి.

అపోహ: రెజ్లింగ్ బాగా ఆడితే ఐవీ కాలేజీ స్కాలర్‌షిప్ ఇస్తుంది.

వాస్తవం: ఇవ్వదు. కోచ్‌కు ఎంత నచ్చినా, రాష్ట్ర ఛాంపియన్ అయినా ఇవ్వదు. 1954 నాటి ఒప్పందంలోనే ఆ ఎనిమిది విశ్వవిద్యాలయాలు క్రీడా స్కాలర్‌షిప్పులు ఇవ్వరాదని నిర్ణయించుకున్నాయి, ఆ నియమం నేటికీ మారలేదు. కార్నెల్ 2007 నుంచి 2017 వరకు వరుసగా ఈఐడబ్ల్యూఏ టైటిల్ గెలిచింది. ఆ జట్టులోని కైల్ డేక్ నాలుగేళ్లలో నాలుగు వేర్వేరు బరువుల్లో నాలుగు ఎన్‌సీఏఏ టైటిళ్లు సాధించాడు. అంతటివాడికి కూడా క్రీడా స్కాలర్‌షిప్ ఇచ్చే అవకాశం ఆ విశ్వవిద్యాలయానికి లేదు.

ఐవీలో లభించేది కుటుంబ ఆర్థిక స్థితిని బట్టి ఇచ్చే సహాయం మాత్రమే. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే ఇంటికి అది చాలా తక్కువగానో, అసలు లేకుండానో ఉండవచ్చు. సీఎస్ఎస్ ప్రొఫైల్ (కుటుంబ ఆదాయం, ఆస్తుల వివరాలు రాసే సహాయ దరఖాస్తు) అడిగే కాలేజీకి దరఖాస్తు చేసేటప్పుడు, ఊళ్లో కొన్న ఇంటి స్థలం కూడా అందులో చూపవలసిందే. మాకు తెలిసిన ఒక కుటుంబం కాలేజీ కోసం దాచిన సొమ్ములోంచి క్లబ్బు ఫీజులు, ప్రైవేటు పాఠాలు, వారాంతపు టోర్నమెంట్ల హోటలు ఖర్చులు భరిస్తూ వచ్చింది. పిల్లవాడు నిజంగా మంచి రెజ్లర్. కుడి చెవి డొప్పలో నెత్తురు గడ్డకట్టి, గట్టిపడి, ఆకారమే మారిపోయేంతగా సాధన చేశాడు. పన్నెండవ తరగతి శరదృతువులో వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి, సహాయం పోగా కుటుంబం ఎంత కట్టవలసి వస్తుందో అంచనా వేసే నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్‌ను కాలేజీ వెబ్‌సైటులో నేనే నింపించాను. తెర మీద అంకె చూసి ఆ తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. ఆయన ఆశపడడంలో తప్పేమీ లేదు. తప్పల్లా నిర్ధారించుకోకుండా ఆ మాటను చేతులు మార్చినవారిదే. ఆ క్యాలిక్యులేటర్‌ను తొమ్మిదవ తరగతిలోనే నింపండి. ఖర్చు లేదు, అరగంట కూడా పట్టదు.

రెజ్లింగ్ వల్ల ఐవీలో ప్రవేశానికి మేలు జరగదని నేను అనడం లేదు. కోచ్ సిఫారసుకు విలువ ఉంది, కానీ అడ్మిషన్ల కార్యాలయం నుంచి లేఖ వచ్చేదాకా అది సిఫారసు మాత్రమే.

లీహై వంటి చోట్ల క్రీడా స్కాలర్‌షిప్పులు ఉన్నాయి. అయితే మొన్నటి వరకు ఎన్‌సీఏఏ మొదటి డివిజన్‌లో ఒక రెజ్లింగ్ జట్టు మొత్తానికి 9.9 స్కాలర్‌షిప్పులే పరిమితి. దాన్నే ముప్పై మందికి పైగా కుర్రాళ్లకు కోచ్‌లు ముక్కలుగా పంచేవారు. ఎన్‌సీఏఏపై క్రీడాకారులు వేసిన దావాలో 2025లో కోర్టు ఆమోదించిన రాజీ ఒప్పందంలో చేరిన కాలేజీలకు ఆ పరిమితి పోయి, జట్టు సంఖ్య 30కి పరిమితమైంది. పరిమితి పోయినంత మాత్రాన కాలేజీ ఖజానా నిండదు, కనుక పూర్తి స్కాలర్‌షిప్ నేటికీ అరుదే. ఆర్మీ, నేవీ అకాడమీల్లో ఫీజు ఉండదు. అందుకు ప్రతిగా పట్టా తరువాత కనీసం ఐదేళ్లు సైన్యంలో పనిచేయాలి. అమెరికా పౌరసత్వం తప్పనిసరి. హెచ్-4 వీసా మీద ఉన్న పిల్లలకు ఆ దారి లేదని ముందే చెప్పడం నా బాధ్యత అనుకుంటాను.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. కాన్ఫరెన్స్ విజేతలే ఎన్‌సీఏఏ ఛాంపియన్‌షిప్‌కు వెళ్తారన్నది నిజం కాదు. ఒక్కొక్క బరువులో 33 మంది వెళ్తారు. సీజన్ ఫలితాలను బట్టి కాన్ఫరెన్సులకు స్థానాలు కేటాయించి, మిగిలినవాటిని కమిటీ నింపుతుంది. ఒలింపిక్ కుస్తీ, కాలేజీ కుస్తీ ఒకటే అన్నదీ సరికాదు. కాలేజీ పద్ధతిలో ప్రత్యర్థిని అదుపులో ఉంచుకున్న సమయానికి కూడా పాయింటు ఉంది, కింద పడ్డవాడు తప్పించుకుని లేస్తే దానికీ ఉంది. ఆడపిల్లలకు కాలేజీ రెజ్లింగ్‌లో భవిష్యత్తు లేదన్న మాట ఇక ఎవరూ అనవద్దు. మహిళల రెజ్లింగ్‌ను తన ఛాంపియన్‌షిప్ క్రీడగా ఎన్‌సీఏఏ 2025 జనవరిలో ఆమోదించింది.