కొండ మీద ఏం చూశానో మాత్రం అడగొద్దు

చిన్నీ, బుజ్జిగా,

మొన్న వీడియో కాల్‌లో ఇద్దరూ ఒకటే గోల కదా, జపాన్‌లో కొండ గుడికి వెళ్లావంట కదా తాతయ్యా ఫొటోలేవి ఫొటోలేవి అని. లేవురా నాన్నా. దాచుకోవడం కాదు, ఆ కొండ ఎక్కేటప్పుడు ఫొటోలు తియ్యకూడదు, అంతే కాదు పైన ఏం చూశామో కిందికి దిగాక ఎవరికీ చెప్పకూడదని పాతకాలం నుంచి వస్తున్న ఆచారం. అందుకే కొండ మొదలు దాకా జరిగింది, ఆ కొండ కథలు రాస్తాను, అక్కడితో సరిపెట్టుకోండి.

గుడి పేరు ఓమివా. నారా జిల్లాలో సకురాయ్ అనే ఊరు, ఒసాకాలో మీ బాబాయ్ ఇంటి నుంచి ట్రైన్‌లో పోయాం, సకురాయ్‌లో మారి ఒక్క స్టేషన్ దాటితే మివా. చిన్న స్టేషన్, దిగి నాలుగడుగులు వేస్తే గుడి దారి వచ్చేస్తుంది. రోడ్డు మీద పే...ద్ద తోరణం లాంటి గేటు ఉంటుంది, దాన్ని తోరీ అంటారు, 32 మీటర్లు, అంటే మన పదంతస్తుల అపార్ట్‌మెంట్ అంత. అది మాత్రం కొత్తదే, 1986లో కట్టారు. గుడి సంగతి వేరు, జపాన్‌లో బాగా పాత గుళ్లలో ఇదొకటని చెప్తారు.

లోపలికెళ్లి చూస్తే నాకు ముందు అర్థం కాలేదు. దండం పెట్టుకునే మండపం ఉంది, 1664లో అక్కడి షోగున్, అంటే అప్పట్లో దేశాన్ని ఏలే సైన్యాధిపతి, తిరిగి కట్టించింది, కానీ దాని వెనక గర్భగుడి లేదు! విగ్రహమేది అని మీ బాబాయ్‌ని అడిగితే వాడు నవ్వి చెట్ల పైకి చెయ్యి చూపించాడు. కొండే దేవుడు. 467 మీటర్ల మివా కొండ, నిండా దేవదారు లాంటి చెట్లు. మన అరుణాచలంలో కొండే శివుడు అంటాం కదా, కాకపోతే అక్కడ కింద గుడి, లింగం కూడా ఉన్నాయి, ఇక్కడ అదీ లేదు. కొండకి ఎదురుగా నిలబడి రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మళ్లీ ఒకసారి వంగితే అయిపోయింది పూజ. నేను అలవాటుగా చెంపలు కూడా వేసుకున్నా, పక్కన ఒక ముసలావిడ వింతగా చూసింది.

మండపం ముందు ఒక పాత చెట్టు ఉంది, దాని మొదట్లో తొర్రలో దేవుడి పాము ఉంటుందని నమ్మకం. అక్కడ ఏం పెట్టారో తెలుసా, కోడిగుడ్లు! గుడ్లూ, పక్కన సాకే సీసాలూ, సాకే అంటే బియ్యంతో చేసే వాళ్ల మద్యం లెండి. నాగులచవితికి మీ నాన్నమ్మ పుట్టలో పాలు పోసి గుడ్డు వెయ్యడం గుర్తొచ్చి నేను అక్కడే కాసేపు నిలబడిపోయా, ఎక్కడి నారా ఎక్కడి గోదావరి.

ఈ పాముకి ఒక కథ ఉంది, 712లో రాసిన కొజికి అనే పాత పుస్తకంలో. ఇకుతమయోరి హిమే అని ఒక అందమైన అమ్మాయి, రోజూ రాత్రి ఒక అందగాడు వచ్చి పోతుంటాడు, ఎవరో ఏ ఊరో తెలీదు. కొన్నాళ్లకి అమ్మాయి కడుపుతో ఉందని తెలిసి అమ్మానాన్నా కంగారుపడి ఒక ఉపాయం చెప్పారు, పడక ముందు ఎర్రమట్టి చల్లు, సూదికి జనపనార దారం ఎక్కించి అతని బట్ట అంచుకి గుచ్చు అని. పొద్దున లేచి చూస్తే దారం తలుపు గొళ్లెం కన్నంలోంచి బయటికి పోయింది! అంత సన్నటి కన్నంలోంచి మనిషి పోతాడా? ఇంట్లో మిగిలింది మూడు చుట్లే. ఆ దారం పట్టుకుని పోతే మివా కొండ గుడి దగ్గర తేలింది. జపాన్ భాషలో మి అంటే మూడు, వా అంటే చుట్టు, అందుకే మివా అని పేరొచ్చిందంటారు. ఆ వచ్చేది ఈ కొండ దేవుడు ఓమోనోనుషి అన్నమాట.

తర్వాత సుజిన్ అనే చక్రవర్తి కాలంలో దేశానికి పెద్ద రోగమొచ్చి జనం సగానికి పైగా పోయారట. అప్పుడీ దేవుడు కల్లోకి వచ్చి, ఓతతనెకో అనే వాణ్ణి వెతికి తెచ్చి నాకు పూజ చేయించు తగ్గిపోతుంది అన్నాడట. వెతికి తెస్తే ఆ ఓతతనెకో ఎవరనుకున్నారు, దారం అమ్మాయి వంశంవాడే! ఇప్పటికీ ఏటా ఏప్రిల్ 18న రోగాలు రాకూడదని అక్కడ పండగ చేస్తారు.

రెండో కథ 720లో రాసిన నిహోన్ షోకి అనే ఇంకో పాత పుస్తకంలోది, నాకు ఇదే ఎక్కువ నచ్చింది, కొంచెం ఏడుపు కథ. ఒక రాకుమారి ఇదే దేవుణ్ణి పెళ్లాడింది. ఆయన రాత్రిపూటే వస్తాడు, మొహం సరిగా కనపడదు. ఒక్కసారి పగలు కనిపించవా అని బతిమాలితే, రేపు పొద్దున నీ దువ్వెన పెట్టెలో ఉంటా, చూసి ఉలిక్కిపడొద్దు సుమా అన్నాడు. తెల్లారి మూత తీస్తే లోపల బట్టకి కట్టుకునే తాడంత సన్నటి ముద్దొచ్చే పాముపిల్ల. పాపం కెవ్వుమంది. ఆయనకి సిగ్గేసి, నా పరువు తీశావని చెప్పి ఆకాశంలోకి లేచి కొండకెళ్లిపోయాడు. ఆమె దిగులుతో కూలబడిపోతే చాప్‌స్టిక్ గుచ్చుకుని చనిపోయింది. ఆమె సమాధిని పగలు మనుషులు రాత్రి దేవుళ్లు కట్టారట, ఒసాకా అనే వేరే కొండ నుంచి జనం వరసగా నిలబడి రాళ్లు చేతులు మార్చుకుంటూ. హషిహాకా అంటారు, చాప్‌స్టిక్ సమాధి అని. ఇది కథలోనే కాదు, నిజంగా ఉంది, మేం చూశాం కూడా, సుమారు 280 మీటర్ల పొడవు మట్టి దిబ్బ, మీద అడవి, పక్కనే చెరువు. లోపలికి పోనివ్వరు.

ఇక కొండ. ఎక్కే దారి పక్కన ఉన్న సాయి గుడి నుంచి, మన సాయిబాబా కాదురోయ్, పేరు అలా కలిసిందంతే. పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు లోపే పంపిస్తారు, మూడింటికల్లా దిగిపోవాలి. పేరూ అడ్రసూ రాసి మనిషికి 300 యెన్‌లు కట్టాం, మెళ్లో వేసుకోవడానికి తెల్లటి పట్టీ ఇచ్చారు, దానికి చిన్న గంట. తిండి తినకూడదు, మంచినీళ్లు తాగొచ్చు. నడుస్తుంటే గంట టింగు టింగు మంటుంది, ముందెవరో పోతున్నారని చెట్ల వెనక నుంచి వాళ్ల గంటే చెప్తుంది, కొందరైతే చెప్పుల్లేకుండా ఎక్కుతారు. నా మోకాళ్ల సంగతి తెలుసుగా, రెండు గంటల్లో అయిపోయేది నాకు మూడు గంటలు పట్టింది, మీ బాబాయ్ ప్రతి మలుపు దగ్గరా ఆగి చూసేవాడు.

దిగి పట్టీ తిరిగిచ్చేసి సోమెన్ అనే నూడుల్స్ తిన్నాం, సేమ్యా కంటే సన్నం, ఐసు నీళ్లలో వేసిస్తారు, అది పుట్టిందే ఈ ఊళ్లోనంటారు. నాలుగు కట్టలు సూట్‌కేసులో పెట్టా, మీ నాన్నమ్మ చూసి ఉప్మా చేసెయ్యకుండా కాపలా కాయండి.

చిన్నీ, పాము కనపడిందా అని అడుగుతావని నాకు తెలుసు. చెప్పను.

మీ తాతయ్య