మందు పుట్టకముందు ఖర్చయ్యే డబ్బు

1970లో గార్డన్ గండ్ అనే అమెరికన్ వ్యాపారవేత్త చివరి ఆశగా సోవియట్ యూనియన్‌లోని ఒడెస్సాకు వెళ్లారు. అప్పటికి ఆయనకు ముప్ఫై ఏళ్లు. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే వంశపారంపర్య జబ్బు ఆయన చూపును కొన్నేళ్లుగా అంచుల నుంచి లోపలికి తినేస్తూ వచ్చింది. అక్కడి వైద్యం కూడా ఆయనకు చూపు తెచ్చివ్వలేదు. మరుసటి ఏడాది ఆయన, భార్య లూలీ, బెన్ బెర్మన్, బెవర్లీ దంపతులు, మరికొందరు కలిసి ఒక సంస్థ పెట్టారు. బెర్మన్ దంపతుల ఇద్దరు కూతుళ్లకూ ఇదే జబ్బు. ఆ సంస్థనే ఇప్పుడు ఫౌండేషన్ ఫైటింగ్ బ్లైండ్‌నెస్ అంటున్నాం.

వాళ్లు డబ్బు పోగుచేయడం మొదలుపెట్టిన రోజుకి ఈ జబ్బుకి కారణమయ్యే జన్యువు ఒక్కటి కూడా ఎవరికీ తెలియదు. మందు సంగతి అలా ఉంచండి, మందు ఎక్కడ వెతకాలో కూడా తెలియదు. అలాంటప్పుడు విరాళం దేనికి ఇస్తున్నట్టు? ఈ వ్యాసమంతా ఆ ప్రశ్న గురించే.

ముందు జబ్బు సంగతి చూద్దాం. కంటి వెనక గోడకు పరిచినట్టుండే పల్చటి పొర రెటీనా. అందులో మసక వెలుతురులో చూపునిచ్చే రాడ్ కణాలు, పగటి చూపును, రంగులను చూపించే కోన్ కణాలు ఉంటాయి. రెటినైటిస్ పిగ్మెంటోసాలో చాలావరకు ముందు రాడ్ కణాలు చచ్చిపోతాయి. అందుకే మొదట రేచీకటి వస్తుంది. తర్వాత పక్క చూపు తగ్గుతూ, గొట్టంలోంచి చూస్తున్నట్టు అవుతుంది. చివరికి కోన్ కణాలు కూడా పోతాయి. సుమారు నాలుగు వేల మందిలో ఒకరికి ఈ జబ్బు ఉంటుంది. వినడానికి చిన్న సంఖ్య కాదు. కానీ వంశపారంపర్య రెటీనా జబ్బులన్నీ కలిపి చూస్తే వాటికి కారణమయ్యే జన్యువులు 250కి పైగా ఉన్నాయి. ఒక జన్యువును సరిచేసే మందు ఇంకో జన్యువు దెబ్బతిన్న వాళ్లకు పనికిరాదు. అంటే బయటికి ఒక్కటిగా కనిపించే జబ్బు లోపల వందల చిన్న చిన్న జబ్బులుగా చీలిపోయి ఉంది. ఒక్కోదానికి రోగులు కొద్దిమందే. మందుల కంపెనీ లెక్క వేసుకుని వెనక్కి తగ్గేది ఇక్కడే.

కాబట్టి తొలి రోజుల్లో ముందుకొచ్చింది రోగుల కుటుంబాలే. 1974లో హార్వర్డ్ మెడికల్ స్కూల్‌కి చెందిన కంటి ఆసుపత్రిలో బెర్మన్–గండ్ పేరుతో ఒక ల్యాబ్ మొదలైంది. దాన్ని నడిపింది ఎలియట్ బెర్సన్. బ్రిటన్‌లో 1970ల మధ్యలో, ఐర్లండ్‌లో 1983లో రోగుల సంఘాలు పుట్టాయి. ఐరిష్ సంఘం సాయంతో డబ్లిన్‌ ట్రినిటీ కాలేజీలో పీటర్ హంఫ్రీస్ బృందం ఒక పెద్ద కుటుంబం ఇచ్చిన రక్తం నమూనాలను పరీక్షించి, తప్పు మూడో క్రోమోజోమ్ మీద ఉందని 1989లో పట్టుకుంది. ఆ మరుసటి ఏడాది బోస్టన్‌లో థాడియస్ డ్రైజా బృందం, వేరే కుటుంబాల్లో, అసలు తప్పునే చూపించింది. అది రాడ్ కణాల్లో వెలుతురును పట్టే రోడాప్సిన్ అనే ప్రోటీన్‌ జన్యువులో ఉంది. 1971 నుంచి అక్కడికి చేరడానికి 19 ఏళ్లు పట్టింది.

ఆ డబ్బుతో జరిగిన ప్రతి పనీ గెలవలేదు. విటమిన్ ఎ ఎక్కువ మోతాదులో తీసుకుంటే రెటీనా క్షీణత నెమ్మదిస్తుందని బెర్సన్ బృందం 1993లో చెప్పింది. ఎంతోమంది ఏళ్ల తరబడి ఆ మాత్రలు వేసుకున్నారు. 2023లో అదే కంటి ఆసుపత్రికి చెందిన పరిశోధకులు పాత వివరాలను, రోగుల జన్యు సమాచారాన్ని కలిపి మళ్లీ లెక్కించారు. అందరికీ వర్తించే ప్రయోజనం ఏదీ కనిపించలేదు. దాతల్లో కొందరికి ఇది నిరాశ కలిగించి ఉండొచ్చు. నాకు మాత్రం ఇది విరాళం సద్వినియోగమైన సందర్భంగానే కనిపిస్తుంది. తప్పు ఆశను పక్కన పెట్టడానికి కూడా ఎవరో ఒకరు ఖర్చు పెట్టాలి కదా.

ఇక గెలిచిన కథ. ఆర్‌పీఈ65 అనే జన్యువు రెటీనా వెనకే ఉండే కణాల్లో పనిచేస్తుంది. వెలుతురు తగిలి వాడిపోయిన విటమిన్ ఎ రూపాన్ని మళ్లీ వాడకానికి పనికొచ్చేలా మార్చే ఎంజైమ్‌ను అది తయారుచేయిస్తుంది. ఆ ఎంజైమ్ లేకపోతే కణాలు బతికే ఉన్నా చూడలేవు. బండి బాగానే ఉంది, పెట్రోల్ లేదన్నట్టు. మనుషుల్లో ఈ లోపం లెబర్ కంజెనిటల్ అమోరోసిస్ అనే జబ్బుకి ఒక కారణం. ఆ పిల్లలకు పసితనం నుంచే చూపు చాలా తక్కువ. విచిత్రంగా ఇదే జన్యులోపం బ్రియార్డ్ అనే జాతి కుక్కల్లోనూ ఉంది. హాని చేయని ఒక వైరస్‌లో మంచి జన్యువును పెట్టి కుక్కల రెటీనా కిందికి ఎక్కించారు. పుట్టుగుడ్డి కుక్కలు వెలుతురుకు స్పందించడం మొదలుపెట్టాయి. 2001లో ఆ ఫలితం అచ్చయింది. వాటిలో లాన్స్‌లాట్ అనే కుక్కను అమెరికా కాంగ్రెస్ సభ్యులకు చూపించడానికి కూడా తీసుకెళ్లారు.

ఆ పని ఏ కాలంలో జరిగిందో గుర్తుచేసుకోవాలి. 1999లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో ఇంకో జబ్బు కోసం జరిగిన జన్యు చికిత్స ట్రయల్‌లో 18 ఏళ్ల కుర్రాడు చనిపోయాడు. జన్యు చికిత్స అంటేనే అందరూ భయపడే పరిస్థితి వచ్చింది. కుక్కల మీద ప్రయోగాలకు ప్రభుత్వ నిధులతో పాటు ఫౌండేషన్ డబ్బు కూడా ఉంది, ఆ గడ్డు రోజుల్లోనూ ఆగలేదు. తొందర లేని డబ్బు అంటే నాకు గుర్తొచ్చేది ఇదే. లండన్‌లో, ఫిలడెల్ఫియాలో మనుషులకు తొలి చికిత్సలు జరిగి, ఫలితాలు 2008లో బయటికొచ్చాయి.

అప్పుడు కొత్త చిక్కు వచ్చింది. చూపు మెరుగైందని ఎలా నిరూపించాలి? మసక వెలుతురే ఈ రోగుల పెద్ద సమస్య. గోడ మీద అక్షరాల చార్టు దాన్ని పట్టుకోలేదు. అందుకని ఫిలడెల్ఫియా బృందం ఒక నడక పరీక్ష తయారుచేసింది. నేల మీద బాణం గుర్తులు, దారిలో అడ్డంకులు, ఏడు రకాల వెలుతురు. అన్నిటికంటే మసకైనది ఒక్క లక్స్ (లక్స్ అంటే వెలుతురును కొలిచే ప్రమాణం). చివరి దశ ట్రయల్‌లో చికిత్స తీసుకున్న 20 మందిలో 13 మంది ఏడాది తర్వాత ఆ మసకలోనూ దారి దాటారు. చికిత్స తీసుకోనివాళ్లలో ఒక్కరు కూడా దాటలేదు. 2017 డిసెంబర్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ లక్స్‌టర్నా పేరుతో ఈ చికిత్సకు అనుమతి ఇచ్చింది.

ధర రెండు కళ్లకూ కలిపి 8 లక్షల 50 వేల డాలర్లు. ఈ అంకె దగ్గర నా మనసు ఆగిపోతుంది. తొలి మెట్లు కట్టడంలో రోగుల కుటుంబాల విరాళాలూ ఉన్నాయి. ఆఖరి మెట్టు మీద ఆ ధర పలక. ఈ మధ్య దాతృత్వ సంస్థలు కంపెనీల్లో వాటా తీసుకుని, లాభం వస్తే మళ్లీ పరిశోధనకే పెట్టే పద్ధతికి మళ్లుతున్నాయి. ఫౌండేషన్ 2018లో అలాంటి నిధిని వేరుగా ఏర్పాటు చేసింది. అది మంచిదే. 2014లో సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య ఊపిరితిత్తుల జబ్బు కోసం పనిచేసే ఫౌండేషన్ తన రాయల్టీ హక్కులు అమ్మి 330 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. కానీ వాటా అడిగినవాళ్లు ధర గురించి, బీద రోగికి అందడం గురించి కూడా ఒప్పందంలోనే రాయించుకోవాలి. మందు బజార్లోకి వచ్చాక అడిగితే వినేవాళ్లుండరు.

డబ్బు అవసరమై కూడా దాతల కంట పడని పని ఇంకోటుంది. ఈ జబ్బులు ఏళ్ల మీద మెల్లగా ముదురుతాయి. మందు లేకుండా ఏడాదికి ఎంత చూపు పోతుందో తెలియకపోతే, మందు వేశాక నెమ్మదించిందో లేదో ఎవరు చెప్పగలరు? అందుకే వందల మంది రోగులను ఏ మందూ ఇవ్వకుండా ఏళ్లపాటు కొలుస్తూ పోవాలి. నడిమి చూపును దెబ్బతీసే స్టార్‌గార్ట్ అనే వంశపారంపర్య రెటీనా జబ్బు మీద ప్రోగ్‌స్టార్ అనే అధ్యయనం అలాంటిదే, ఫౌండేషన్ డబ్బుతోనే నడిచింది. రోగులకు ఉచిత జన్యు పరీక్షలు, వాళ్ల వివరాల రిజిస్టర్ కూడా ఈ కోవలోవే. విరాళాల సభలో చూపించడానికి వీటికి ఒక ఫొటో కూడా ఉండదు. అయినా నన్నడిగితే ముందు వీటికే ఇవ్వమంటాను.

ఇంకో చిక్కూ ఉంది. పనిచేసే చికిత్స కూడా మధ్యలో ఆగిపోగలదు. సీఈపీ290 అనే జన్యువులోని ఒక లోపాన్ని కంటి లోపలే క్రిస్పర్ అనే జన్యువులను కత్తిరించే పనిముట్టుతో సరిచేసే ప్రయోగం 2020లో మొదలైంది. మనిషి శరీరం లోపలే క్రిస్పర్ వాడటం అదే మొదటిసారి. ఫలితాలు 2024లో వచ్చాయి. 14 మందిలో 11 మందికి కొలిచిన నాలుగు అంశాల్లో కనీసం ఒకదాంట్లో మెరుగుదల కనిపించింది. ఆ ఫలితాలు అచ్చవకముందే, 2022లో, కంపెనీ కొత్తవాళ్లను చేర్చుకోవడం ఆపేసింది. బాగా ఫలితం చూపగల జన్యు రకం ఉన్నవాళ్లు అమెరికా మొత్తంలో సుమారు 300 మందేనని, భాగస్వామి దొరికితేనే ముందుకెళ్తామని చెప్పింది. ట్రయల్‌లో ఉన్న ఒకరు తన కాఫీ మెషిన్ ఆన్ అయిందో లేదో ఇప్పుడు దాని చిన్న లైట్లు చూసి తెలుసుకోగలుగుతున్నానని డాక్టర్లకు చెప్పారు. మిగిలినవాళ్లకు ఆ చికిత్స అందించే డబ్బు ఎవరు పెడతారన్నది ఇంకా తేలాల్సి ఉంది.