యూనిట్‌కు 99 ఫెనిగ్‌లు

సోలార్ ప్యానెళ్లు ఇంత చౌకయ్యాయంటే అందరూ చైనా ఫ్యాక్టరీల పేరే చెబుతారు. నిజమే. కానీ ఆ ఫ్యాక్టరీలకు మొదట్లో పెద్ద పెద్ద ఆర్డర్లు ఎక్కణ్నుంచి వచ్చాయని ఆరా తీస్తే, 2000లో జర్మనీ చేసిన ఒక చట్టం దగ్గర తేలతాం. దాని కోసం పట్టుబట్టినవాళ్లలో ముందు చెప్పాల్సిన పేరు హెర్మన్ షేర్.

1944లో పుట్టిన షేర్ ఇంజినీరు కాదు, రాజనీతి శాస్త్రం, అర్థశాస్త్రం చదివిన మనిషి. ఎంపీ కాకముందు నాలుగేళ్లు ఉద్యోగం చేసింది కార్ల్స్‌రూ అణు పరిశోధనా కేంద్రంలో! 1980లో సోషల్ డెమోక్రటిక్ పార్టీ తరఫున పార్లమెంటుకు వెళ్లి, 2010లో చనిపోయేదాకా ఎంపీగానే ఉన్నారు. మొదట్లో ఆయన తిరిగింది నిరాయుధీకరణ చర్చల చుట్టూ. 1986లో చెర్నోబిల్ ప్రమాదం జరిగింది. మరో రెండేళ్లకు ఆయన యూరోసోలార్ అనే సంఘం పెట్టారు.

2000 చట్టానికి ముందు జర్మనీలో ఏమీ లేదని కాదు. 1991 నుంచే అమల్లో ఉన్న ఒక చిన్న చట్టం ప్రకారం, గాలి మర నుంచో సోలార్ నుంచో వచ్చిన కరెంటును విద్యుత్ కంపెనీలు కొనితీరాలి. ధర మాత్రం సగటు అమ్మకపు రేటులో 90 శాతం. గాలి మరలకు అది సరిపోయింది. సోలార్‌కు ఏ మూలకూ రాలేదు. పెట్టినవాడికి పెట్టుబడి కూడా తిరిగి రాని రేటు అది.

1998లో సోషల్ డెమోక్రాట్లు, పర్యావరణ పార్టీ గ్రీన్స్ కలిసి అధికారంలోకి వచ్చారు. మరుసటి ఏడే లక్ష ఇంటి కప్పుల మీద సోలార్ పెట్టించే చౌక వడ్డీ రుణాల పథకం మొదలైంది. అసలు చట్టం దగ్గరే చిక్కొచ్చింది. ఆర్థిక వ్యవహారాల శాఖ మంత్రి విద్యుత్ పరిశ్రమ నుంచి వచ్చినవారు, ఆయనకిది రుచించలేదు. దాంతో షేర్, గ్రీన్స్ ఎంపీ హాన్స్ యోసెఫ్ ఫెల్, మరికొందరు మంత్రిత్వ శాఖ కోసం చూడకుండా ముసాయిదా తామే రాసుకున్నారు. 2000 ఏప్రిల్ 1న అది అమల్లోకి వచ్చింది.

కిటుకంతా రేటులోనే ఉంది. సోలార్ కరెంటుకు యూనిట్‌కు 99 ఫెనిగ్‌లు (ఫెనిగ్ అంటే అప్పటి జర్మన్ మార్కులో నూరో వంతు). అప్పట్లో ఇళ్లవాళ్లు కట్టే కరెంటు ధరకు మూడు రెట్లకు పైమాటే. అదీ 20 ఏళ్లపాటు ఖాయం. ఇంత కచ్చితమైన రాబడి కాగితం మీద కనబడితే బ్యాంకు అప్పివ్వకుండా ఉంటుందా? కొత్తగా పెట్టేవాళ్లకు రేటు ఏటేటా తగ్గుతుంది, కాబట్టి తయారీదారు ఖర్చు తగ్గించుకోక తప్పదు. ఖజానా నుంచి పైసా తీయలేదు, భారాన్ని వినియోగదారుల బిల్లుల మీద పంచారు.

ఈ పంపకం మీద విమర్శ రాకపోలేదు, అందులో న్యాయమూ ఉంది. సొంత ఇల్లూ కప్పూ ఉన్నవాడికి ఆదాయం, అద్దె ఇంట్లోవాడికి బిల్లులో అదనపు వడ్డన. ఆ సర్‌చార్జి 2014 నాటికి యూనిట్‌కు 6 యూరో సెంట్లు దాటింది. చివరికి 2022లో ఎత్తేశారు. మరోవైపు, చైనా పోటీకి తట్టుకోలేక జర్మన్ సోలార్ కంపెనీ క్యూ సెల్స్ 2012లో దివాలా తీసింది.

విచిత్రమేమిటంటే, వాతావరణ సదస్సుల మీద షేర్‌కు పెద్దగా నమ్మకం లేదు. అందరూ ఒప్పుకునేదాకా ఆగుదామంటే అందరికంటే వెనకున్నవాడి నడకే అందరి నడకా అవుతుందని ఆయన వాదన. అలాగని అంతర్జాతీయ సంస్థలు వద్దనలేదు. పునరుత్పాదక ఇంధనానికి ప్రత్యేకంగా ఒకటి కావాలని ఏళ్ల తరబడి అడిగి, 2009 జనవరిలో బాన్‌లో ఐరెనాకు పునాది వేయించారు. దాని ప్రధాన కార్యాలయం మాత్రం చమురు మీద ఎదిగిన అబుదాబికి వెళ్లింది.

2010 అక్టోబరులో ఆయన చనిపోయారు. 2000లో ప్యానెళ్లు పెట్టుకున్నవాళ్లకు మాత్రం, ఫెనిగ్‌లు పోయి యూరోలు వచ్చినా, ఆ పాత రేటే 2020 డిసెంబరు దాకా పడుతూ వచ్చింది.