దేశ పెవిలియన్‌కు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? అపోహలు - వాస్తవాలు

అంతర్జాతీయ ఎక్స్‌పోల్లో, అంటే చాలా దేశాలు పాల్గొనే పెద్ద ప్రదర్శనల్లో, దేశాల పెవిలియన్లకు (ఒక్కో దేశం అక్కడ పెట్టే ప్రదర్శన భవనాలకు) బడ్జెట్ వేయడం నా పని. మొదటి మీటింగ్‌లో దాదాపు ప్రతిసారీ ఈ మాటలే వింటాను.

అపోహ: దేశం పేరు మీద కడుతున్నారంటే ఖర్చంతా ఆ ప్రభుత్వానిదే.

వాస్తవం: వస్తామని మాట ఇచ్చేది, ఎక్స్‌పోలో దేశం తరఫున ఉండే ప్రతినిధి అయిన కమిషనర్ జనరల్‌ను నియమించేది ప్రభుత్వమే. డబ్బు మాత్రం ఖజానా నుంచే రావాలని లేదు. అమెరికానే చూడండి. 1990లలో వచ్చిన చట్టం ప్రకారం, కాంగ్రెస్ ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప విదేశాంగ శాఖ తన నిధులను పెవిలియన్‌కు వాడకూడదు. ప్రైవేటు విరాళాలు సమకూరక 2000లో హానోవర్ ఎక్స్‌పోకు అమెరికా వెళ్లనే లేదు. 2010 షాంఘైకి కూడా చివరిదాకా టెన్షనే. అంతకు ముందు ఏడాది విదేశాంగ మంత్రి అయిన హిల్లరీ క్లింటన్ స్వయంగా కంపెనీలను అడిగాక గానీ దాదాపు 6 కోట్ల డాలర్లు పోగవలేదు. దుబాయ్‌లోనైతే ఆతిథ్య దేశం యూఏఈ ఆ ఖర్చు భరించింది.

పూర్తిగా స్పాన్సర్లనే నమ్ముకోవడం తప్పని నేను గట్టిగా అంటాను. వాళ్లు ఆలస్యంగా సంతకం పెడతారు. అప్పటిదాకా డిజైన్ ఖరారు కాదు, ఈలోగా కాంట్రాక్టర్ల రేట్లు పెరుగుతాయి. కనీసం భవనం, సిబ్బంది ఖర్చుకైనా ప్రభుత్వం హామీ ఉండాలి.

అపోహ: భవనం లేచిందంటే పెద్ద ఖర్చు అయిపోయినట్టే.

వాస్తవం: ఆరు నెలలు దాన్ని నడపాలి. జీతాలు, సిబ్బందికి బస, బీమా, ఏసీ, తెరల రిపేర్లు, జాతీయ దినోత్సవం, వచ్చే మంత్రుల మర్యాదలు. అంతా అయ్యాక విప్పేసి స్థలం అప్పగించాలి. నేను పనిచేసిన ఒక పెవిలియన్‌లో ఈ కూల్చివేత పద్దును "తర్వాత చూద్దాం" అని పక్కన పెట్టారు. ఆఖరి నెలలో సిబ్బందిని తగ్గించి ఆ డబ్బు సర్దారు. గంటల తరబడి క్యూలో నిలబడ్డవాళ్లను సాయంత్రం వెనక్కి పంపాల్సి వచ్చినప్పుడు చాలా బాధేసింది. అప్పటినుంచి నా బడ్జెట్‌లో మొదట రాసే పద్దు కూల్చివేతదే. 2015 మిలాన్‌లోని బ్రిటన్ కట్టడం 'హైవ్' ఇప్పుడు లండన్ క్యూ గార్డెన్స్‌లో ఉంది. అలా తరలించాలన్నా ముందే లెక్క వేసుకోవాలి.

అపోహ: టికెట్ల డబ్బుతో కొంత తిరిగొస్తుంది.

వాస్తవం: రాదు. గేటు టికెట్ల ఆదాయం నిర్వాహకులది. రెస్టారెంటు, షాపు కొంత ఇస్తాయి, అంతే.

అపోహ: చిన్న దేశాలకు ఇది అందని పని.

వాస్తవం: షాంఘైలో వర్ధమాన దేశాల సాయానికి చైనా 10 కోట్ల డాలర్లు కేటాయించింది. 2025 ఒసాకాలో సొంతంగా కట్టుకోవడమే కాక, నిర్వాహకులు కట్టిన భవనాన్ని అద్దెకు తీసుకోవడం, ఒకే భవనాన్ని చాలా దేశాలు పంచుకోవడం కూడా కుదిరింది. నిర్మాణ ఖర్చులు పెరిగి కొన్ని దేశాలు సొంత డిజైన్లు వదులుకుంటే, వాళ్ల కోసం తేలికైన కట్టడాలను నిర్వాహకులే కట్టిచ్చారు. అందుకే ఆర్కిటెక్ట్‌ను పిలవకముందే, ఏ రకం భవనానికి ఎంత సాయం వస్తుందో నిర్వాహకుల నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి.